‘బెండర్స్ బిగ్ స్కోర్’: ఆగిపోయిన కార్టూన్ తిరిగొచ్చిన తీరు

2003 ఆగస్టు 10న అమెరికాలో ఫాక్స్ చానెల్ ‘ఫ్యూచరామా’ కార్టూన్ సీరియల్ 72వ భాగాన్ని ప్రసారం చేసింది. ఇదే ఆఖరిదని చెప్పలేదు. రద్దు చేస్తున్నామనీ ప్రకటించలేదు. కొత్త భాగాలు కావాలని అడగడం మానేసింది, అంతే. అంతకు ముందు కూడా ఆ సీరియల్‌ను సరిగ్గా చూసుకున్నది లేదు. ఆదివారం సాయంత్రం ఏడింటికి దానికి చోటిచ్చారు. మధ్యాహ్నం మొదలైన ఫుట్‌బాల్ మ్యాచ్ ఆలస్యమైతే చాలు, ఆ వారం సీరియల్ గల్లంతు. ఎప్పుడొస్తుందో తెలియని సీరియల్‌కు చూసేవాళ్లు తగ్గడం వింతేమీ కాదు.

నాలుగేళ్లు గడిచాక, 2007 నవంబర్ 27న, అదే రచయితలు, అవే గొంతులు, అదే బొమ్మల స్టూడియో కలిసి పూర్తి నిడివి సినిమాతో తిరిగొచ్చారు. సినిమా థియేటర్లలో ఆడలేదు, టీవీలోనూ ముందుగా రాలేదు. నేరుగా డీవీడీగా దుకాణాలకు వచ్చింది. పేరు ‘బెండర్స్ బిగ్ స్కోర్’. నేరుగా డీవీడీకి వచ్చే బొమ్మల సినిమా అంటే అప్పట్లో చిన్నచూపు ఉండేది. పెద్ద సినిమా హిట్టయితే దాని పేరు వాడుకుని, తక్కువ ఖర్చుతో, తక్కువ శ్రద్ధతో తీసే రెండో భాగాలకు ఆ దారి అలవాటు. ఈ సినిమా ఆ దారిలోనే వచ్చినా, పనితనంలో చాలా థియేటర్ సినిమాలకు పాఠం చెప్పగలదని నా నమ్మకం. ఎందుకో చెప్పడానికే ఈ వ్యాసం. కథలోని రహస్యాలు విప్పకుండా ఈ పనితనం గురించి మాట్లాడలేం కనుక, ముందు సినిమా చూడాలనుకునేవారు ఇక్కడే ఆగి, చూశాక మిగతాది చదవడం మంచిది.

‘ఫ్యూచరామా’ సంగతి తెలియనివారికి రెండు ముక్కలు. ‘సింప్సన్స్’ సృష్టికర్త మ్యాట్ గ్రేనింగ్, రచయిత డేవిడ్ ఎక్స్. కోహెన్‌తో కలిసి 1999 మార్చిలో మొదలుపెట్టిన సైన్స్ ఫిక్షన్ హాస్య సీరియల్ ఇది. న్యూయార్క్‌లో పిజ్జాలు అందించే ఫ్రై అనే కుర్రాడు 1999 డిసెంబర్ 31 రాత్రి ఒక ప్రయోగశాలలో మనుషుల్ని గడ్డకట్టించి దాచే పెట్టెలో పొరపాటున పడిపోతాడు. వెయ్యేళ్ల తర్వాత లేస్తాడు. తన వంశంలో వాడే అయిన ముసలి ప్రొఫెసర్ ఫార్న్స్‌వర్త్ నడిపే ప్లానెట్ ఎక్స్‌ప్రెస్ అనే కొరియర్ కంపెనీలో చేరతాడు. అక్కడి ఓడ కెప్టెన్ లీలా ఒంటికన్ను అమ్మాయి. ఫ్రై ఆమెను ప్రేమిస్తాడు, ఆమె అంత సులువుగా ఒప్పుకోదు. ఫ్రై ప్రాణస్నేహితుడు బెండర్ తాగుబోతు, దొంగ, స్వార్థపరుడు, రోబో. ఆఫీసు లెక్కలన్నీ చూసే జమైకా గుమాస్తా హెర్మీస్. ఈ అయిదుగురు గుర్తుంటే చాలు.

ఈ సీరియల్‌ను తిరిగి నిలబెట్టింది రాత్రిపూట పునఃప్రసారాలూ, డీవీడీ పెట్టెలూ. 2003 జనవరి నుంచి కార్టూన్ నెట్‌వర్క్‌లోని అడల్ట్ స్విమ్‌లో పాత భాగాలు రాత్రివేళ ఆడసాగాయి. కాలేజీ కుర్రాళ్లు, ఇంజనీర్లు, సైన్సు పిచ్చివాళ్లు వాటికి అతుక్కుపోయారు. డీవీడీలు బాగా అమ్ముడయ్యాయి. అదే ఫాక్స్ 2002లో ఆపేసిన ‘ఫ్యామిలీ గై’ ఇదే దారిలో 2005లో తిరిగి ప్రసారమయింది. ఆ ఉదాహరణ కళ్లెదుటే ఉంది. 2006లో కామెడీ సెంట్రల్ చానెల్ కొత్త భాగాలకు ఒప్పుకుంది. అయితే ఒప్పందం విచిత్రంగా కుదిరింది. ముందు నాలుగు సినిమాలు తీసి డీవీడీలుగా అమ్మాలి. తర్వాత ఒక్కో సినిమాను నాలుగేసి ముక్కలు చేసి, మొత్తం 16 భాగాలుగా టీవీలో వేయాలి.

ఈ షరతు ఎంత కష్టమైందో కథ రాసేవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. ఒకే బట్ట పంచెలా కట్టుకోవడానికీ పనికిరావాలి, నాలుగు తువ్వాళ్లుగా చింపినా ప్రతి ముక్కకూ అంచు కనబడాలి. సినిమా కథ నెమ్మదిగా పోగవుతూ చివరి అరగంటలో పండాలి. టీవీ భాగం ఇరవై రెండు నిమిషాల్లో మొదలై, మలుపు తిరిగి, ఆగాలి. సుమారు 88 నిమిషాల ఈ సినిమా రెండు కొలతలకూ సరిపోవాలి. దాంతోపాటు నాలుగేళ్లుగా ఎదురుచూసిన అభిమానులకు పాత పాత్రలందర్నీ ఒక్కసారైనా చూపించాలి. కొత్తగా డీవీడీ కొన్నవాడికీ అర్థం కావాలి.

కథను కెన్ కీలర్, డేవిడ్ కోహెన్ కలిసి అల్లారు, స్క్రీన్‌ప్లే కీలర్ రాశాడు. దర్శకుడు డ్వేన్ కేరీ-హిల్. కీలర్ హార్వర్డ్‌లో అనువర్తిత గణితంలో పీహెచ్‌డీ చేసిన మనిషి. కోహెన్ హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం, బర్కిలీలో కంప్యూటర్ సైన్స్ చదివాడు. ఆ చదువు ఈ సినిమాలో అలంకారంగా కాకుండా కట్టడంగా కనిపిస్తుంది. మరో విషయం కూడా చెప్పాలి. ఫాక్స్‌లో ఆఖరిగా వచ్చిన ఆ 72వ భాగం రాసింది కీలరే. అందులో ఫ్రై లీలా కోసం ఒక సంగీత నాటకం రాస్తాడు, అది చెడిపోతుంది, హాలంతా ఖాళీ అవుతుంది. లీలా ఒక్కతే కూర్చుని, కథ ఎలా ముగుస్తుందో వినాలని ఉందంటుంది. కాబట్టి నాలుగేళ్ల తర్వాత కీలర్ కలం పట్టేసరికి తాను వదిలిన చోటే తాను అందుకోవాల్సిన పరిస్థితి. లీలా ఆ కుర్చీలో కూర్చునే ఉంది. ఫ్రై ప్రేమకు జవాబు రావాలి. రాగానే ఈ ప్రేమకథ అయిపోతుంది కనుక, పూర్తిగా రాకూడదు కూడా. ఈ చిక్కును కీలర్ ఎలా విప్పాడన్నదే సినిమాకు గుండెకాయ.

సినిమా దెబ్బతోనే మొదలవుతుంది. ప్రొఫెసర్ సిబ్బందిని పిలిచి, ‘బాక్స్ నెట్‌వర్క్’ అనే సంస్థలోని తెలివితక్కువ అధికారులు తమ డెలివరీ కంపెనీని మూయించారని, ఇప్పుడు ఆ అధికారులకే పదవులు ఊడాయని చెబుతాడు. తర్వాత వాళ్లను తన్నారని, ఆ తర్వాత చంపి పొడి చేశారని ఒక్కో మెట్టూ ఎక్కుతూ పోతాడు. ఆ పొడి డబ్బాలో పెట్టి అమ్ముతున్నారు, ఇంటి వాడకానికి. ఎవరి గురించి అంటున్నారో చిన్నపిల్లాడికీ తెలుస్తుంది. ఈ డీవీడీని అమ్మింది ఫాక్స్ వారి హోమ్ వీడియో విభాగమేనన్నది ఇందులో అసలు రుచి. కోపం తీర్చుకోవడానికి కీలర్ తీసుకున్నది ఒకటి రెండు నిమిషాలే. ఇంకొకరైతే సినిమా పొడుగునా గాయాన్ని గోకుతూ కూర్చునేవారు.

తర్వాత అసలు కథ. ఫ్రై పిరుదు మీద బెండర్ బొమ్మ పచ్చబొట్టుగా ఉన్నట్టు బయటపడుతుంది. అది ఎప్పుడు, ఎవరు పొడిచారో ఫ్రైకే తెలియదు. అదే సమయంలో న్యూడార్ అనే నాయకుడితో కలిపి ముగ్గురు గ్రహాంతర మోసగాళ్లు దిగుతారు. వీళ్ల ఆయుధాలు తుపాకులు కావు, ఈమెయిళ్లు. లాటరీ తగిలింది, వివరాలు పంపండి అనగానే ప్రొఫెసర్ పంపేస్తాడు, కంపెనీ పోతుంది. అందరూ ఏదో ఒక వలలో పడతారు. చివరికి భూమే మోసగాళ్ల చేతికి పోయి, మనుషులంతా నెప్ట్యూన్‌కు వలస పోతారు. బెండర్‌కు వైరస్ ఎక్కి, మోసగాళ్లు చెప్పిందల్లా చేసే బానిస అవుతాడు. 2007లో ఇది ఈమెయిల్ మోసాల మీద ఛలోక్తి. ఇవాళ ఓటీపీ చెప్పి ఖాతా ఖాళీ చేసుకున్నవాళ్లు ప్రతి వీధిలోనూ ఉన్న మన ఊళ్లలో ఇది మరింత సూటిగా తగులుతుంది. కథ కోణంలో చూస్తే ఈ మోసం ఎంపిక చాలా తెలివైంది. భూమిని గెలవడానికి ఓడల దండు అక్కర్లేకుండా పోయింది. దాంతో సినిమా తన బలమంతా మనుషుల మీద, కాలం మీద పెట్టుకోగలిగింది.

ఇక కాలం సంగతి. పచ్చబొట్టులో చుక్కలుగా ఒకట్లు, సున్నాలు ఉన్నాయి. ఆ సంఖ్యను పైకి చదివితే కాలంలో ప్రయాణించే బుడగ తెరుచుకుంటుంది. ‘ఆదిత్య 369’ చూసిన మనకు కాలయానం కొత్తేమీ కాదు. సింగీతం శ్రీనివాసరావు యంత్రం కృష్ణదేవరాయల కాలానికీ తీసుకెళ్తుంది, భవిష్యత్తుకూ తీసుకెళ్తుంది. ఈ బుడగ అలా కాదు. వెనక్కి మాత్రమే తీసుకెళ్తుంది. ముందుకు రావడానికి దారి లేదు. తిరిగి రావాలంటే అందరిలాగే రోజుకు ఒక రోజు చొప్పున బతుకుతూ రావాలి, లేదా గడ్డకట్టి పడుకోవాలి.

సినిమా మొత్తం ఈ ఒక్క నియమం మీద నిలబడింది. నేనిక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇంత చిన్న నియమం నుంచి ఇంత పంట తీసిన స్క్రీన్‌ప్లే నేను ఎక్కువగా చూడలేదు. మొదటి పంట నవ్వు. మోసగాళ్లు చరిత్రలోని నిధుల్ని కొట్టుకురమ్మని బెండర్‌ను గతంలోకి పంపుతారు. బెండర్ బుడగలోకి మాయమవుతాడు. మరుక్షణమే కింద నేలమాళిగ నుంచి సొమ్ము భుజాన వేసుకుని పైకొస్తాడు. మధ్యలో జరిగింది ఏమిటంటే, దొంగతనం చేసి, ప్లానెట్ ఎక్స్‌ప్రెస్ భవనం కింద సున్నపురాయి గుహలో దిగి, తాను బయల్దేరిన క్షణం వచ్చేదాకా వందల ఏళ్లు, వేల ఏళ్లు కాచుకున్నాడు. రోబో కనుక చావడు, బద్ధకస్తుడు కనుక కాచుకోవడం కష్టం కాదు. పాత్ర స్వభావమే శాస్త్రానికి సాయం చేసింది. ఇన్నిసార్లు వెళ్లాడంటే, ఏ క్షణంలో చూసినా ఆ గుహలో ఇంకా పైకి రాని బెండర్లు ఎందరో పడుకుని ఉండాలి. ఈ లెక్క సినిమా ఎక్కడా గట్టిగా చెప్పదు, చూసేవాడు మెల్లగా పట్టుకుంటాడు. ఆఖరి నిమిషంలో ఆ బెండర్లంతా ఒకేసారి బయటికొచ్చినప్పుడు విశ్వానికే చిరుగు పడుతుంది. ఎప్పుడో పెట్టిన అప్పు ఆ చివరి క్షణంలో వసూలవుతుంది.

రెండో నియమం నకళ్లది. గతంలోకి వెళ్లినవాడు అక్కడున్న తనను తాను కలిస్తే ఇద్దరవుతారు. అలా పుట్టిన అదనపు నకలుకు ఆయుష్షు ఉండదు, ఏదో ఒక ప్రమాదం వెతుక్కుంటూ వచ్చి దాన్ని తుడిచేస్తుంది. కాలం తన లెక్క తాను సరిచేసుకుంటుంది. ఈ నియమాన్ని పరిచయం చేసిన తీరు చూడండి. సినిమా మొదట్లో కంపెనీ తిరిగి తెరిచిన సంబరంలో హెర్మీస్ లింబో (అడ్డుకర్ర కింద నుంచి వెనక్కి వంగి దూరే ఆట) ఆడుతూ తల తెగి, సీసాలో తలగా మిగిలిపోతాడు. భార్య లబార్బరా దేహం దిట్టంగా ఉన్న పాత మొగుడి దగ్గరికి వెళ్లిపోతుంది. బెండర్ గతంలోకి పోయి పాత హెర్మీస్ ఒంటిని తెచ్చిపెడతాడు. అంతా బాగుందనుకునే వేళ ఆ ఒంటి మీద షాండ్లియర్ విరిగి పడుతుంది. మనం నవ్వుతాం. నకళ్లకు గండం తప్పదని ప్రొఫెసర్ అప్పుడు వివరిస్తాడు. ఆ మాట విని మరొక పాత్ర మొహం మారిపోతుంది. ఆ మొహం ఎందుకు మారిందో మనకప్పుడు తెలియదు. ఏదో చిన్న ఎగతాళి అనుకున్నది ఒక మరణశిక్ష చదవడమని తర్వాత తెలుస్తుంది.

ఆ పాత్ర లార్స్. తలల్ని సీసాల్లో బతికించి ఉంచే మ్యూజియంలో పనిచేస్తాడు. హెర్మీస్ తలకు ఏర్పాట్లు చేయడానికి వచ్చి లీలాకు పరిచయమవుతాడు. నున్నటి తల, చిన్న గడ్డం, బొంగురు గొంతు. నెమ్మదైనవాడు, చెప్పిన మాట వింటాడు, తొందరపడడు. ఫ్రై ఎన్నేళ్లుగానో అడుగుతున్న ప్రేమను లీలా లార్స్‌కు కొన్నాళ్లలోనే ఇచ్చేస్తుంది. ఫ్రై అసూయతో కుమిలిపోతాడు. పెళ్లి ముహూర్తం దాకా వస్తుంది. షాండ్లియర్ పడిన తర్వాత లార్స్ హఠాత్తుగా పెళ్లి వద్దని వెళ్లిపోతాడు.

ఇటు ఫ్రై మోసగాళ్ల నుంచి తప్పించుకోవడానికి పచ్చబొట్టులోని ఆ కోడ్ చదివి 2000 సంవత్సరానికి పారిపోయాడు. అతన్ని చంపి రమ్మని బెండర్‌ను పంపారు. అక్కడ మరో చిన్న వెనకడుగు వల్ల ఫ్రైలు ఇద్దరయ్యారు. ఒకడు మళ్లీ గడ్డకట్టే పెట్టెలో పడి తిరిగొచ్చాడు. మిగిలినవాడు పాత ఊళ్లో, పాత పిజ్జా కొట్టు పైన, పన్నెండేళ్లు బతికాడు. అక్వేరియంలో ఉద్యోగం. అక్కడ ఒక నార్వాల్‌ను, అంటే కొమ్ము తిమింగలాన్ని, పిల్లలా సాకాడు. దానికి పెట్టుకున్న పేరు లీలూ. లీలాను మరిచిపోలేదని వేరే చెప్పాలా? దాన్ని సముద్రంలోకి వదిలేయాల్సి వస్తే వెతుక్కుంటూ వెళ్లాడు. ఎదురుచూడటం నేర్చుకున్నాడు. తనకంటే ముందు మరో ప్రాణాన్ని చూసుకోవడం నేర్చుకున్నాడు. 2012లో బెండర్ అతని ఇల్లు కనిపెట్టి పేల్చేశాడు. జుట్టు కాలిపోయింది, గొంతు దెబ్బతింది, ప్రాణం మిగిలింది. అద్దంలో చూసుకున్నప్పుడు అతనికి కనిపించింది లార్స్.

సినిమా చూస్తున్నప్పుడు ఈ ఘట్టం దగ్గర కలిగేది ఆశ్చర్యం ఒక్కటే కాదు. అదంతా మన కళ్లముందే పెట్టి ఉందన్న గ్రహింపు. ఫ్రైకి ప్రత్యర్థి ఫ్రైయే. లీలా ఫ్రైని ఎందుకు ప్రేమించలేదో, లార్స్‌ను ఎందుకు ప్రేమించిందో రెండు ప్రశ్నలకూ ఒకే జవాబు: పన్నెండేళ్లు. కుర్రతనం వదిలిన ఫ్రైని ఆమె ఒక్క చూపులో పట్టుకుంది. ఇది ప్రేమ గురించి ఎంతో లోతైన మాట. ఆ మాటను కీలర్ ఏ పాత్ర చేతా ఉపన్యాసంగా చెప్పించలేదు, కాలయానం లెక్కల చేత చెప్పించాడు. వెనక్కి మాత్రమే వెళ్లే కోడ్ లేకపోతే ఫ్రై పన్నెండేళ్లు బతికి ఎదిగేవాడు కాదు. నకళ్ల నియమం లేకపోతే లార్స్‌కు త్యాగం చేయాల్సిన అవసరమే రాదు. మొదట నవ్వు కోసం పెట్టినవనిపించిన రెండు నియమాలూ చివరికి మనిషి బాధగా మారాయి. తనకు చావు ఎక్కడో పొంచి ఉందని తెలిసి, పెళ్లి చేసుకుని లీలాను విధవను చేయడం ఇష్టంలేక, కారణం చెప్పకుండా లార్స్ తప్పుకున్నాడు. చివరికి న్యూడార్ పీడ వదిలించడానికి పేలబోయే బెండర్ నకలు దగ్గరికి అతన్ని రప్పించి, తానూ అందులోనే పోతాడు. వీడియోలో వీలునామాగా వదిలిన మాటల్లో అతనెవరో లీలా తెలుసుకుంటుంది. లీలా ఫ్రైని ప్రేమించింది, ఆ ఫ్రై పోయాడు, ఇక్కడున్న ఫ్రై ఇంకా అతను కాలేదు. 72వ భాగం వదిలిన ప్రశ్నకు జవాబు వచ్చింది, ప్రేమకథ మాత్రం ముగియలేదు. చిక్కును ఇలా విప్పడం పెద్ద రచయిత చేయగల పని.

లార్స్ రహస్యం అంతసేపు నిలవడంలో గొంతు పాత్ర చాలా ఉంది. ఫ్రై గొంతూ, లార్స్ గొంతూ బిల్లీ వెస్ట్‌వే. ప్రొఫెసర్ గొంతు, డాక్టర్ జోయిడ్‌బర్గ్ అనే మరో పాత్ర గొంతు కూడా ఆయనవే. ఫ్రై గొంతు ముక్కులోంచి వచ్చే కుర్రగొంతు. లార్స్‌కు ఆయన దాన్ని కిందికి దించి, కాస్త గరుకుగా మార్చి, మాటకూ మాటకూ మధ్య ఊపిరి ఎక్కువ ఉంచాడు. మొదటిసారి విన్నప్పుడు వేరే మనిషి. రహస్యం తెలిశాక మళ్లీ వింటే, మాట విరుపులో ఫ్రై దొరుకుతాడు. ఒకే నటుడు ఇన్ని గొంతులు పలకడం ఈ సీరియల్‌లో మామూలే కనుక, ఎవరూ అనుమానించరు. అలవాటునే ముసుగుగా వాడుకున్నారు.

సీమోర్ కుక్క సంగతి విడిగా చెప్పుకోవాలి. 2002లో వచ్చిన ‘జురాసిక్ బార్క్’ భాగం చూసి కంటతడి పెట్టనివాళ్లు అరుదు. ఫ్రై పాత కుక్క సీమోర్ శిలాజమై మ్యూజియంలో దొరుకుతుంది. కుక్కకు చనిపోయేనాటికి పదిహేనేళ్లు. తాను పోయాక అది తనను మరిచిపోయి హాయిగా బతికిందనుకుని ఫ్రై దాన్ని తిరిగి బతికించడం మానుకుంటాడు. ఆ తర్వాత మనకు చూపిస్తారు, కుక్క పిజ్జా కొట్టు ముందు ఏళ్ల తరబడి అతని కోసమే కూర్చుంది. ఈ సినిమాలో తెలిసేదేమిటంటే, ఫ్రై పోయేనాటికి మూడేళ్ల కుక్క, మరో ఫ్రైతో పన్నెండేళ్లు బతికింది, 2012 పేలుడులో ఒక్కసారిగా శిలాజమైంది. మూడూ పన్నెండూ పదిహేను. లెక్క సరిపోయింది. అయిదేళ్ల కిందటి భాగంలో ఎందుకో తేలకుండా మిగిలిన శిలాజానికి కూడా కారణం దొరికింది. ఆ పాత విషాదాన్ని ఇలా తుడిచేయకూడదని కొందరు అభిమానులు బాధపడ్డారు. వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. కానీ నా తీర్పు వేరు. లార్స్ ఎదగడానికి అతనికి ఒక ప్రాణం తోడుండాలి, ఆ తోడు సీమోర్ కన్నా ఎవరు కాగలరు? ‘జురాసిక్ బార్క్’లోని ఎదురుచూపు అలాగే ఉంది. దానికి ఫలం దక్కింది.

పచ్చబొట్టు చివరి ముడి ఇంకా అందమైంది. అన్నీ అయ్యాక బెండర్ 2000 సంవత్సరానికి వెళ్లి, గడ్డకట్టి ఉన్న ఫ్రై ఒంటి మీద ఆ పచ్చబొట్టు అంటించి వస్తాడు. మరి ఆ కోడ్ మొదట రాసిందెవరు? ఎవరూ కాదు. అది ఫ్రై ఒంటి మీద ఉంది కనుక తెలిసింది, తెలిసింది కనుక ఒంటి మీదకు చేరింది. విత్తు ముందా చెట్టు ముందా అన్న మన పాత ప్రశ్నే. సినిమా దీనికి జవాబు వెతకదు, ఆ ముడిని ముడిగానే ఉంచి నవ్వుతుంది. అది సరైన పని.

గణితం పిచ్చి ఉన్నవాళ్ల కోసం దాచిన మరొక చిన్న వస్తువు ఉంది. ఒక దృశ్యంలో న్యూయార్క్ టాక్సీ మీద 87539319 అనే సంఖ్య కనబడుతుంది. రెండు ఘనాల మొత్తంగా మూడు వేరువేరు విధాల రాయగల అతిచిన్న సంఖ్య అది: 167, 436ల ఘనాలు కలిపినా, 228, 423ల ఘనాలు కలిపినా, 255, 414ల ఘనాలు కలిపినా అదే వస్తుంది. కాగితం మీద వేసి చూసుకోవచ్చు. ఇలాంటి వాటికి టాక్సీ సంఖ్యలని పేరు రావడానికి కారణం మన రామానుజన్. లండన్‌లో జబ్బుతో ఉన్న ఆయన్ను చూడటానికి గణితవేత్త హార్డీ ఎక్కి వచ్చిన టాక్సీ నంబర్ 1729. రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల రాయగల అతిచిన్న సంఖ్య అదేనని రామానుజన్ వెంటనే చెప్పాడు. సీరియల్ మొదటి ఏడాదే, 1999లో, ఒక భాగంలో బెండర్ 1729వ కొడుకని కార్డు మీద చూపించారు. 1729 నుంచి 87539319కి చేరడమంటే, తిరిగొచ్చిన బృందం తమ పాత చమత్కారాన్ని ఒక మెట్టు పైకెక్కించిందన్నమాట. ఎవరూ చూడకపోయినా కథకు నష్టం లేదు. చూసినవాడికి మాత్రం తనను గౌరవించారనిపిస్తుంది. ఇదే డీవీడీలో గణిత ఆచార్యురాలు సారా గ్రీన్‌వాల్డ్ ఈ సీరియల్‌లోని గణితం మీద చేసిన ప్రసంగాన్ని కూడా చేర్చారు. హాస్య సినిమా డిస్క్‌లో గణితం క్లాసు పెట్టిన ధైర్యం ఇంకెవరికుంది?

బొమ్మల పని రఫ్ డ్రాఫ్ట్ స్టూడియోస్‌ది. పాత్రల్ని చేత్తో గీసి, ఓడల్ని కంప్యూటర్‌లో కట్టి, రెండూ ఒకే గీతలా కనిపించేట్టు కలపడం వీళ్లు మొదటి నుంచీ చేస్తున్న పని. ఈ సినిమాలో మొదటిసారి తెర వెడల్పయింది. పాత చదరపు తెరకు అలవాటుపడిన కళ్లకు న్యూయార్క్ వీధులు, నెప్ట్యూన్ మంచు కొత్త విస్తీర్ణంతో కనిపిస్తాయి.

లోపాలు లేవనను. నెప్ట్యూన్ మీద శాంతాక్లాజ్ రోబో, మరో ఇద్దరు పండుగ పాత్రలతో కలిసి ఆయుధాలు చేస్తూ పాడే పాట సరదాగా ఉంటుంది కానీ కథను ఆపుతుంది. భూమిని తిరిగి గెలిచే అంతరిక్ష యుద్ధం వెడల్పు తెరను వాడుకోవడానికే వచ్చినట్టుంది. అందులో బాగున్నది ఒక్క హెర్మీసే. తల మాత్రమే మిగిలిన గుమాస్తాను యుద్ధ నౌకల కంప్యూటర్‌కు తగిలిస్తే, ఫైళ్లు సర్దిన బుర్ర దండును నడిపి గెలిపిస్తుంది. పెళ్లామూ తిరిగొస్తుంది. పాత పాత్రలందరికీ చోటివ్వాలన్న తొందరలో మొదటి అరగంట కిక్కిరిసింది. టీవీ ముక్కలుగా, 2008 మార్చి 23న కామెడీ సెంట్రల్‌లో వచ్చిన రూపం కంటే సినిమాగా చూసినదే మేలు. లార్స్ రహస్యం భాగం భాగానికీ ఆగుతూ వస్తే దాని బరువు తగ్గుతుంది. నాలుగు తువ్వాళ్లకూ అంచులున్నాయి, కానీ నేసింది పంచె కోసమే.

2008 ఫిబ్రవరిలో ఇంటి వీడియోగా వచ్చిన ఉత్తమ బొమ్మల సినిమాగా దీనికి ఆనీ అవార్డు వచ్చింది. తర్వాత 2009 ఫిబ్రవరి నాటికి మరో మూడు సినిమాలు వచ్చాయి. వాటిలో మొదటిది, ‘ద బీస్ట్ విత్ ఎ బిలియన్ బ్యాక్స్’, ఈ సినిమా ఆఖర్లో విశ్వానికి పడిన చిరుగు నుంచే మొదలవుతుంది. 2010లో కామెడీ సెంట్రల్‌లో మామూలు భాగాలు మొదలయ్యాయి. ఆ ఏడాదే కీలర్ ‘ద ప్రిజనర్ ఆఫ్ బెండా’ అనే భాగం రాస్తూ, మనుషుల మనసులు తారుమారైతే తిరిగి సర్దడానికి అదనంగా ఇద్దరుంటే చాలని ఒక సిద్ధాంతాన్ని నిరూపించి, ఆ నిరూపణను తెర మీదే రాయించాడు. సీరియల్ 2013లో మళ్లీ ఆగింది, 2023లో స్ట్రీమింగ్ వేదిక హులులో మళ్లీ మొదలైంది. ఈ రాకపోకలన్నీ సాధ్యమయ్యాయంటే 2007లో డీవీడీ కొన్నవాళ్లకు మొదటి సినిమాలోనే పూర్తి ఫలం దక్కడమూ ఒక కారణం. అది చప్పగా ఉండి ఉంటే మిగతా మూడూ ఆదరణకు నోచుకునేవి కావు.

కొత్తగా చూడదలచినవారికి ఒక్క మాట. నేరుగా ఈ సినిమాకు పోవద్దు. ముందు సీరియల్ మొట్టమొదటి భాగం చూడండి, ఫ్రై ఆ పెట్టెలో ఎలా పడ్డాడో తెలియాలి. తర్వాత ‘జురాసిక్ బార్క్’, ఆ తర్వాత 72వ భాగమైన ‘ద డెవిల్స్ హ్యాండ్స్ ఆర్ ఐడిల్ ప్లేథింగ్స్’ చూడండి. మూడూ కలిపి గంటకు కాస్త ఎక్కువ పడుతుంది. అప్పుడు ‘బెండర్స్ బిగ్ స్కోర్’ పెట్టుకోండి, ముక్కలుగా కాకుండా ఒకే బిగిన. రెండోసారి చూసేటప్పుడు లార్స్ తెర మీదకొచ్చిన ప్రతిసారీ లీలాను కాకుండా అతన్ని గమనించండి.